పదహారున్నర రూపాయల ఓటరు: ఎన్నికల ఖర్చు చట్టం ఎవరి మీద నడుస్తది?

విమర్శ పేరుతో మనం కథలనీ, కవితలనీ, నవలలనీ ఎన్నో చదివాం. దొరలు రాసిన కథలో మాదిగ ఎక్కడున్నాడు, మాల ఎక్కడున్నాడు, వాడ ఎందుకు లేదు అని అడిగాం. రాజ్యం రాసే రాతల్ని మాత్రం ఆ కంటితో చదవడం మనకింకా అలవాటు కాలేదు. పహాణీ, మస్టర్ రోలు, ఎఫ్.ఐ.ఆర్. ఇవి కూడా రచనలే. వీటిలోనూ కొందరికి పేర్లుంటాయి, కొందరు పేరు లేకుండా పోతరు. అలాంటి ఒక రచననే ఇప్పుడు చదువుదాం. అది శాసనసభకో లోక్‌సభకో నామినేషన్ వేసే ప్రతి అభ్యర్థి చేతిలో అధికారులు పెట్టే ఎన్నికల ఖర్చుల రిజిస్టరు.

అందులో మూడు రకాల కాగితాలుంటాయి. తెల్ల కాగితాల మీద రోజువారీ ఖర్చు, గులాబి కాగితాల మీద నగదు లెక్క, పసుపు కాగితాల మీద బ్యాంకు లెక్క. (రంగులు చూసి పార్టీలనుకునేరు, కాదు.) నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు అభ్యర్థి వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ప్రచారం నడిచేటప్పుడు రిజిస్టరును కనీసం మూడుసార్లు తనిఖీకి చూపాలి. ఇటు అభ్యర్థి తన లెక్క తాను రాస్తుంటే, అటు అధికారులు ఆ అభ్యర్థి ఖర్చునే వేరే పుస్తకంలో రాస్తరు. దానికి షాడో రిజిస్టరని పేరు. సభల వీడియోలు తీసే బృందం ఒకటి, ఆ వీడియోలు చూసి కుర్చీలు, షామియానాలు, జీపులు లెక్కబెట్టే బృందం ఇంకొకటి, ఫ్లయింగ్ స్క్వాడ్లు, చెక్‌పోస్టులు, వీటన్నిటి పైన వేరే రాష్ట్రం నుంచి వచ్చిన వ్యయ పరిశీలకుడు. కాగితం మీద చూస్తే ఇంత పకడ్బందీ ఏర్పాటు మన దేశంలో అట్రాసిటీ కేసులకు కూడా లేదు.

మరి ఇంత ఏర్పాటు నడుమ మునుగోడు ఎట్ల జరిగింది?

భువనగిరి లోక్‌సభ స్థానం కింద ఉన్న ఏడు శాసనసభ నియోజకవర్గాల్లో మునుగోడు ఒకటి. చౌటుప్పల్, నారాయణపురం మండలాలు యాదాద్రి భువనగిరి జిల్లాలో, మిగతావి నల్లగొండ జిల్లాలో ఉన్నాయి. 2022 ఆగస్టులో అక్కడి కాంగ్రెస్ ఎమ్మెల్యే కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి రాజీనామా చేసి బి.జె.పి.లో చేరారు. నవంబర్ 3న ఉప ఎన్నిక జరిగింది. 93 శాతం పైన ఓట్లు పోలయ్యాయి. టి.ఆర్.ఎస్. అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి గెలిచారు. మూడు పెద్ద పార్టీల అభ్యర్థులూ ఒక్క కులం వాళ్ళే. ఇది మునుగోడు వింత కాదు గనుక దీని దగ్గర ఆగను.

ఆ యేడు జనవరిలోనే శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితిని 40 లక్షలకు పెంచారు. మునుగోడులో ఓటర్లు 2 లక్షల 41 వేల పైచిలుకు. భాగిస్తే తలకు పదహారున్నర రూపాయలు. అంటే జెండా, జీపు, మైకు, కరపత్రం, చాయ్ అన్నీ కలిపి ఒక ఓటరు మీద ఒక అభ్యర్థి చట్టం ప్రకారం పెట్టగలిగేది అంతే. ఆ ఎన్నికప్పుడు మునుగోడు దిక్కు పోయొచ్చిన ఎవరినైనా ఈ అంకె చెప్పి చూడండి. నవ్వుతరు. డబ్బు ఇంకా ముట్టలేదని, చెప్పినంత ఇయ్యలేదని జనం బాహాటంగా అడగడం పత్రికల్లో, టీవీల్లో వచ్చింది. అంతకు యేడాది ముందు హుజూరాబాద్‌లో కూడా ఇదే చూశాం.

అయినా రిజిస్టరు అబద్ధం చెప్పిందని తొందరపడి అనకండి. రిజిస్టరు తన చట్టం ప్రకారం నిజమే చెప్తది, అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం లెక్క మొదలయ్యేది నామినేషన్ రోజు నుంచి. ఆగేది ఫలితం రోజు. ఆగస్టు 20న ముఖ్యమంత్రి మునుగోడులో పెద్ద సభ పెట్టారు. తెల్లారి 21న కేంద్ర హోం మంత్రి అమిత్ షా అదే మునుగోడులో ఇంకో పెద్ద సభ పెట్టి రాజగోపాల్ రెడ్డికి కండువా కప్పారు. నామినేషన్లు అక్టోబర్‌లో. కాబట్టి ఆ రెండు సభలూ ఎన్నికల ఖర్చు కిందికి రావు. ఎన్నిక కోసం కాకపోతే ఆ జనాన్ని ట్రాక్టర్లలో, బస్సుల్లో ఎందుకు తోలుకొచ్చినట్టు? చట్టానికి ఈ ప్రశ్న లేదు. చట్టం గడియారం ఆగస్టులో ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు.

నామినేషన్ తర్వాతైనా ఖర్చు ఎవరి ఖాతాలో పడుతది? పెద్ద నాయకుడు వేదిక ఎక్కి అభ్యర్థి పేరు ఎత్తితే, లేదా అభ్యర్థి ఆయన పక్కన నిలబడితే, సభ ఖర్చు అభ్యర్థి వాటాకు వస్తది. పేరు ఎత్తక పార్టీ గొప్పలు మాత్రమే చెప్పి పోతే అది పార్టీ ఖర్చు. నాయకుడు వచ్చిన హెలికాప్టర్ ఎట్లయినా పార్టీదే. పార్టీ ఖర్చుకు పరిమితి ఎంత? లేదు. సున్న కాదు, కోటి కాదు, అసలు పరిమితే లేదు. అభ్యర్థి చాయ్ గ్లాసులు లెక్కబెట్టే బృందాలు పార్టీ దగ్గరికి వచ్చేసరికి కండ్లు మూసుకుంటాయి, ఎందుకంటే వాటిని తెరవమని చట్టం చెప్పలేదు.

ఇది మొదటి నుంచీ ఇట్ల లేదు. 1951లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని పార్లమెంటులో నడిపింది న్యాయమంత్రిగా ఉన్న అంబేద్కరే. ఖర్చుకు హద్దు పెట్టాలన్న ఏర్పాటు ఆ చట్టంతోనే వచ్చింది. ధనం ఉన్నోనికి ఒక ఓటు, లేనోనికి ఒక ఓటు అని రాజ్యాంగం చెప్పింది గానీ, ధనం ఓటు దాకా నడిచి వచ్చే తొవ్వను ఎక్కడో ఒక దగ్గర కట్టడి చేయకపోతే ఆ సమానత్వం ఉత్తదే. 1974 అక్టోబర్ 3న కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే గుర్తించింది. ఢిల్లీ సదర్ స్థానంలో 1971లో గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి అమర్‌నాథ్ చావ్లా ఎన్నికను రద్దు చేస్తూ, అభ్యర్థికి తెలిసి, ఆయన కాదనకుండా పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చేనని తేల్చింది. ఆ తీర్పు అమలైతే దేశంలో ఎన్ని సీట్లు కదిలేవో! అదే నెలలో ఆర్డినెన్స్ వచ్చింది. పార్టీ గానీ, స్నేహితుడు గానీ పెట్టిన ఖర్చు అభ్యర్థి ఖర్చు కాదని 77వ సెక్షన్‌కు ఒక వివరణ తగిలించారు. భూసంస్కరణల చట్టం పాసై అమలుకు ఎన్నేండ్లు పట్టిందో తెలంగాణ రైతుకూలీలకు తెలుసు. ఈ సవరణకు నెల కూడా పట్టలేదు.

విచిత్రమేమంటే అమెరికాలో అదే 1974లో, వాటర్‌గేట్ తర్వాత, పార్టీల, ప్రచార కమిటీల లెక్కలు పట్టడానికి ఫెడరల్ ఎన్నికల కమిషన్ అనే ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేస్తూ చట్టం చేశారు. అదేదో స్వర్గమని చెప్పను. ఆరుగురు సభ్యుల్లో ఒక పార్టీ వాళ్ళు ముగ్గురికి మించొద్దు, ఏ చర్యకైనా నలుగురు ఒప్పుకోవాలి. దాంతో ముగ్గురు ఇటు, ముగ్గురు అటు నిలబడి పెద్ద కేసులు కదలకుండా పోతుంటాయి. 2025లో అయితే దానికి కోరం కూడా లేకుండా పోయింది. అయినా అక్కడ కమిటీకి పేరుంది, ఖజాంచి ఉన్నాడు, లెక్క తప్పితే నోటీసు కమిటీకే పోతది. మన దగ్గర పార్టీ దేవుడి లెక్క, కానుకలు తీసుకుంటది గానీ లెక్క చెప్పదు.

ఈ మాట పూర్తిగా నిజం కాదని ఎవరైనా అనొచ్చు. 1996లో కామన్ కాజ్ కేసు తర్వాత పార్టీలు కూడా లెక్కలు పంపుతున్నాయి. శాసనసభ ఎన్నికలైతే 75 రోజుల్లో, లోక్‌సభ అయితే 90 రోజుల్లో. 2003లో ఆ 1974 వివరణను కూడా కుదించారు. నిజమే. కానీ ఆ లెక్కలో మునుగోడు ఎక్కడుంది, నకిరేకల్ ఎక్కడుంది, ఏ ఊరికి ఎంత వచ్చింది అని వెతికితే దొరకదు. మీద నుంచి చూసిన లెక్క అది. ఊరు కనిపిస్తది, వాడ కనపడదు.

డబ్బు బయలుదేరే ఇల్లు చట్టానికి కనపడకపోతే, అది చేరే ఇల్లే కనపడుతది. ఇప్పుడు మనం వాడకు వచ్చినం.

పోలింగ్ ముందు రాత్రి కవర్లు ఊరి నుంచి వాడకు వస్తాయి. తెచ్చేటోడు ఎవరు? ఎక్కువసార్లు వాడ పిల్లగాడే. డిగ్రీ చదివి కొలువు లేక ఏదో పార్టీ కండువా వేసుకున్నోడు. ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లు తిరిగేది వాడే, దొరికితే కేసయ్యేది వాని మీదే. భారత శిక్షా స్మృతి 171-బి సెక్షన్ (ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 170) ప్రకారం ఓటు కోసం ఇచ్చుడూ నేరమే, పుచ్చుకునుడూ నేరమే. శిక్ష యేడాది దాకా జైలు. ఇక్కడొక మెలిక ఉంది, దాన్ని మన మిత్రులు చాలామంది గమనించలేదు. లంచం తిండి, తాగుడు, వినోదం రూపంలో ఉంటే జైలు లేదు, జరిమానాతో సరి. అంటే దొర తోటలో మేక కోసి సీసాలు తెరిస్తే జరిమానా. మాదిగ ఎల్లమ్మ కొంగులో రెండు వేలు కట్టుకుంటే జైలు. ఈ అధ్యాయాన్ని శిక్షా స్మృతిలో చేర్చింది 1920లో. అభ్యర్థి అనుమతి లేకుండా ఆయన గెలుపు కోసం వేరేవాళ్ళు ఖర్చుపెడితే ఆనాడు పెట్టిన గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. 2024 జూలై 1న కొత్త సంహిత అమల్లోకి వచ్చేదాకా అదే 500. నూటనాలుగేండ్లు! కూలి రేటు పెంచమంటే ద్రవ్యోల్బణం పాఠం చెప్పే రాజ్యానికి ఈ 500 గుర్తుకు రాలేదు. కొత్త సంహితలో పది వేలు చేశారు, సంతోషించాల్సిందేనేమో.

అప్పటి మానుకోట ఎంపీ మాలోత్ కవిత కేసు చూడండి. 2019 ఎన్నికల్లో బూర్గంపహాడ్ దగ్గర ఓటర్లకు ఐదేసి వందలు పంచుతూ ఒక అనుచరుడు పట్టుబడ్డాడు. 2021 జూలైలో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు ఆమెకూ, ఆ అనుచరునికీ ఆరు నెలల జైలు, పది వేల జరిమానా వేసింది. తర్వాత హైకోర్టు ఆ శిక్షను నిలిపివేసింది. ఓటర్లకు డబ్బు పంచిన కేసులో పదవిలో ఉండగా శిక్షపడ్డ మొదటి ఎంపీ అని పత్రికలు రాశాయి. డబ్బు పంచడం తప్పు కాదని నేను అనను. కానీ అన్ని కులాల పెద్దలు, అన్ని పార్టీల పెద్దలు ఇన్ని దశాబ్దాలు కోట్లు పంచిన ఈ దేశంలో ఆ మొదటి పేరు ఎస్.టి. రిజర్వుడు స్థానం నుంచి వచ్చిన ఒక లంబాడా మహిళది కావడాన్ని యాదృచ్ఛికమని తోసెయ్యడం నాకు చేతకాదు. అదే మునుగోడులో ఏం జరిగింది? రాజగోపాల్ రెడ్డి కుటుంబ కంపెనీ నుంచి ఐదు కోట్లకు పైగా నియోజకవర్గంలోని పలు ఖాతాలకు పోయిందని టి.ఆర్.ఎస్. ఫిర్యాదు చేసింది. ఎన్నికల సంఘం వివరణ అడిగింది. ఆయన ఆరోపణను కాదన్నారు. అనుకున్న రోజే పోలింగ్ జరిగింది. ఆరోపణ నిజమో కాదో మనం తేల్చలేం. తేల్చాల్సినోళ్ళకు మాత్రం సాధనాలున్నాయి. 2016లో తమిళనాడులో అరవకురిచ్చి, తంజావూరు ఎన్నికలనీ, 2017లో ఆర్.కె. నగర్ ఉప ఎన్నికనీ, 2019లో వెల్లూరు లోక్‌సభ ఎన్నికనీ డబ్బు కారణంతోనే ఇదే సంఘం రద్దు చేసింది.

దళితబంధు సంగతి ఇంకా తిక్కది. 2021 ఆగస్టు 4న మన యాదాద్రి భువనగిరి జిల్లా తుర్కపల్లి మండలం వాసాలమర్రిలో 76 దళిత కుటుంబాలకు పది లక్షల చొప్పున ఇస్తామని ముఖ్యమంత్రి కె.సి.ఆర్. ప్రకటించారు. పన్నెండు రోజులకు హుజూరాబాద్‌లో పథకం మొదలుపెట్టారు. అక్కడ ఉప ఎన్నిక రాబోతోంది. ఎన్నిక ముంగిట ఆ నియోజకవర్గంలోనే పథకం మొదలుపెట్టడం ఓట్ల కొనుగోలు కాదని కె.సి.ఆర్. అభిమానులు కూడా గుండె మీద చేయివేసుకుని చెప్పలేరు. అక్టోబర్ 18న ఎన్నికల సంఘం దళితబంధును ఆపింది. నియమం ప్రకారం సరే. కానీ ఖజానా నుంచి, చెక్కు మీద, పేరు రాసి, బ్యాంకు ఖాతాలో పడే డబ్బును ఆపడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. పేరు లేని కవరును ఆపడానికి ఏ ఉత్తర్వూ చాలలేదు. ఎందుకంటే దళితుని ఖాతా నంబరు రాజ్యం దగ్గరుంది. కవరు ఇచ్చినోని ఖాతా నంబరు లేదు. లేకుండా చట్టం చేసుకున్నరు.

చెక్‌పోస్టుల సంగతి మీ అందరికీ అనుభవమే. యాభై వేలు దాటి నగదు ఉండి కాగితం లేకపోతే ఆపుతరు. మేకల సంతకు పోయేటోడు, పెండ్లికి బట్టలు కొననీకె పోయేటోడు కాగితం ఎక్కడి నుంచి తేవాలె? 2023 శాసనసభ ఎన్నికల్లో తెలంగాణలో పట్టుకున్న నగదు, మద్యం, బంగారం, వస్తువుల విలువ 700 కోట్లు దాటింది. ఆ పట్టిక చూస్తే నగదుకు ఒక గడి, మద్యానికి ఒక గడి, మత్తుమందులకు, బంగారానికి, ఉచిత వస్తువులకు ఒక్కో గడి ఉంటది. ఏ పార్టీది అన్న గడి మాత్రం ఉండదు.

ఇక లేనోడు ఎన్నికను తన ఆయుధంగా వాడుకుంటే చట్టం ఎంత చురుగ్గా పనిచేస్తదో నల్లగొండకు తెలుసు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయిన ఊర్లు శ్రీశైలం ఎడమ కాల్వ నీళ్ళ కోసం మూకుమ్మడిగా నామినేషన్లు వేశాయి. 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమయింది. డిపాజిట్ అప్పుడు 500 రూపాయలు, ఎస్.సి., ఎస్.టి.లకు 250. ఆ యేడు ఆగస్టుకల్లా డిపాజిట్ పది వేలయింది, మనకు ఐదు వేలు. కాల్వ రాలేదు, సవరణ వచ్చింది. ఇప్పుడది 25 వేలు, మనకు 12,500. ధనవంతుల ఖర్చుకు పైకప్పు వేయడం చేతకాని చట్టం, పేదల పోటీకి గడప ఎత్తు పెంచడం మాత్రం మూడు నెలల్లో చేసింది.

10-ఎ సెక్షన్ కూడా అంతే. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇయ్యకపోతే మూడేండ్లు పోటీకి అనర్హత. ఆ జాబితాలు తెరిచి చూడండి. ఎక్కువమంది స్వతంత్రులు, చిన్న పార్టీల వాళ్ళు. వాళ్ళకు చార్టర్డ్ అకౌంటెంట్ లేడు, వకీలు లేడు. పెద్ద పార్టీల అభ్యర్థులు పరిమితిలో సగమే ఖర్చయిందని అందంగా రాసి, సంతకం పెట్టి, గడువుకు ముందే ఇస్తరు. లెక్క తప్పు రాసినోడు ఎమ్మెల్యే అయితడు, లెక్క రాయడం రానోడు అనర్హుడైతడు. పార్టీల విషయంలోనూ ఇదే వరస. పార్టీ రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం ఎన్నికల సంఘానికి లేదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. 2025 ఆగస్టులో మాత్రం ఆరేండ్లు పోటీ చేయలేదన్న కారణంతో 334 గుర్తింపు లేని చిన్న పార్టీలను సంఘం జాబితా నుంచి తీసేసింది. వాటిలో పన్ను ఎగ్గొట్టడానికి పుట్టిన బోగస్ పార్టీలు ఉంటయి, కాదనను. కానీ లెక్కల శుభ్రత ఎప్పుడూ చిన్న గుడిసె నుంచే మొదలుకావడం ఏమిటి?

గడీ దిక్కు చూస్తే అంకెలు వేరే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టేసిన తర్వాత పేర్లు బయటికొచ్చాయి. బి.ఆర్.ఎస్. బాండ్ల ద్వారా తీసుకున్నది 1,200 కోట్ల పైన. బి.జె.పి. తీసుకున్నది 6,000 కోట్ల పైన. బాండ్లు కొన్నవాళ్ళలో దేశంలో రెండో స్థానం హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. కాళేశ్వరం పనులు చేసిన కంపెనీల్లో అదీ ఒకటి. దీని మీద ప్రత్యేక దర్యాప్తు కావాలన్న పిటిషన్లను 2024 ఆగస్టులో కోర్టు తోసిపుచ్చింది. "ఓటు అమ్ముకోవద్దు" అన్న పోస్టరు మన వాడ బడి గోడ మీద ఉంటది. "విధానం అమ్ముకోవద్దు" అన్న పోస్టరు ఏ పార్టీ ఆఫీసు గోడ మీదా ఎన్నికల సంఘం అంటించలేదు.

రిజర్వుడు స్థానాల గురించి ఒక్క మాట. భువనగిరి లోక్‌సభ కింద నకిరేకల్, తుంగతుర్తి ఎస్.సి. స్థానాలు. అక్కడ మన అభ్యర్థి పేరు మీద రిజిస్టరు ఉంటది, డబ్బు చాలాసార్లు వేరేవాళ్ళది. ఖర్చుపెట్టినోని పేరు పుస్తకంలో ఉండదు గానీ గెలిచిన తర్వాత కాంట్రాక్టులో, పోలీస్ స్టేషన్‌లో ఉంటది. మన ఎమ్మెల్యే నోరు ఎందుకు లేవదో అర్థం కావాలంటే సిద్ధాంతం కంటే ముందు ఆ రాయని పద్దు చూడాలి. డబ్బు లేకుండా గెలవడం ఈ నేలకు కొత్త కాదు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ సభ్యత్వ రుసుము తగ్గించి కూలినాలి జనాన్ని లోపలికి పిలిచింది. 1952లో నల్లగొండ ద్విసభ్య లోక్‌సభ స్థానంలో పి.డి.ఎఫ్. తరఫున రావి నారాయణరెడ్డి గెలిచారు. నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లని ఇప్పటికీ చెప్పుకుంటరు. అదే స్థానంలో రిజర్వుడు సీటు గెలిచింది సుంకం అచ్చాలు. ఆయన పేరు ఎంతమందికి తెలుసు? పద్దులోనే కాదు, చరిత్రలో కూడా మనది రాయని లెక్కే.

పనికొచ్చే సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం ప్రకారం ఏ అభ్యర్థి ఇచ్చిన ఖర్చుల లెక్కనైనా ఎవరైనా జిల్లా ఎన్నికల అధికారి దగ్గర చూడొచ్చు. రుసుము ఒక్క రూపాయి. నకలు కావాలంటే ఫీజు కట్టి తీసుకోవచ్చు. అభ్యర్థి లెక్క ఇయ్యడానికి గడువు ఫలితం నుంచి 30 రోజులు. ఎన్నికను హైకోర్టులో సవాలు చేయడానికి గడువు 45 రోజులు. నడుమ మిగిలేది 15 రోజులు. ఆ 15 రోజుల్లో మన విద్యార్థులు నలుగురు భువనగిరి కలెక్టరేట్‌కు పోయి రూపాయి కట్టి ఆ రిజిస్టరు అడగాలి. ప్రచార కార్యకర్తల ఖర్చు రాసే ఆరో షెడ్యూలు తీసి, తమ వాడ నుంచి డప్పు కొట్టనీకె, జెండా మోయనీకె, ట్రాక్టరెక్కనీకె పోయిన వాళ్ళను పేరు పేరునా అడిగి, ఎవరికి ఎంత ముట్టిందో ఆ పద్దు పక్కన రాసుకురావాలి.